మిరప నేలలో చన్నీళ్ళ వైద్యం

చన్నీళ్ళ వైద్యం గొప్పదనం చెప్పేవాళ్ళు ఒక్క లెక్క మాత్రం దాటేస్తారు. ఎంత చల్లటి నీళ్ళు? ఫిన్లాండులో గడ్డకట్టిన చెరువుకు కన్నం పెట్టి అందులో దిగేవాడికి ఆ ప్రశ్నే రాదు. నరసరావుపేటలో డాబా మీది నల్ల ట్యాంకు నీళ్ళ కోసం కుళాయి తిప్పేవాడికి మాత్రం మొట్టమొదటి ప్రశ్న అదే. ఏప్రిల్ మధ్యాహ్నం ఆ కుళాయిలో వచ్చేవి వేణ్ణీళ్ళు, చెయ్యి పెడితే చురుక్కుమంటుంది. బోరు నీళ్ళు ఏడాది పొడుగునా దాదాపు ఒకే వేడిలో, 29–30 డిగ్రీల దగ్గర ఉంటాయి. నేల అడుగు నీరు ఆ ప్రాంతపు ఏడాది సగటు వేడిని పట్టుకుని ఉంటుంది మరి. అందుకే డిసెంబరు తెల్లవారుజామున బోరు వేస్తే నీళ్ళు గోరువెచ్చగా తగులుతాయి. మే నెలలో అవే నీళ్ళు ప్రాణం లేచొచ్చినంత చల్లగా అనిపిస్తాయి.

ఈ లెక్క ముందే చెప్పడానికి కారణం ఉంది. చన్నీళ్ళ మేలు గురించి ఇవాళ పత్రికల్లో, రీళ్ళలో తిరుగుతున్న మాటలు చాలావరకు 15 డిగ్రీలు, అంతకన్నా చల్లటి నీళ్ళతో జరిగిన పరిశోధనల నుంచి వచ్చినవి. గుంటూరు, పల్నాడు, బాపట్ల, ప్రకాశం జిల్లాల్లో అంత చల్లటి నీళ్ళు ఏ చెరువులోనూ, ఏ కాల్వలోనూ, ఏ కాలంలోనూ దొరకవు. నడి శీతాకాలంలో సూర్యలంక సముద్రంలో దిగినా అంత చలి తగలదు. ఈ నేలలో నిజమైన చలి ఉండేది మిరపకాయలు దాచే కోల్డ్ స్టోరేజీల్లో. గుంటూరు యార్డులో 'ఏసీ సరుకు' అనేది అక్కడి నుంచి వచ్చిన కాయల్నే. మార్చి ఎండలో టిక్కీలు (మిరప బస్తాలు) మోస్తూ ఆ గదుల్లోకి వెళ్ళొచ్చే ముఠా కూలీలకు తెలిసినంతగా ఆ చలి ఇంకెవరికీ తెలియదు. కాబట్టి ప్రేగ్‌లోనో హాలెండులోనో తేలిన సంగతి మాచర్లలో బిందెడు నీళ్ళకు ఎంతవరకు పనికొస్తుందో చూసుకోకుండా ముందుకు పోవడం కుదరదు.

అన్నిటికన్నా ఎక్కువగా వినపడే అంకె డోపమైన్‌ది. చన్నీళ్ళలో దిగితే అది 250 శాతం పెరుగుతుందంటారు. మాట అబద్ధం కాదు. 2000లో ప్రేగ్ పరిశోధకులు కొద్దిమంది కుర్రవాళ్ళను 14 డిగ్రీల నీళ్ళలో మెడ దాకా కూర్చోబెట్టారు. నోరాడ్రినలిన్ 530 శాతం, డోపమైన్ 250 శాతం, జీవక్రియ 350 శాతం పెరిగాయి. అయితే వాళ్ళు ఆ నీళ్ళలో కూర్చున్నది గంటసేపు. రీళ్ళలో ఆ గంట మాయమై రెండు నిమిషాలు మిగిలింది. ఇంకో ముక్క కూడా మాయమైంది. అదే పరిశోధనలో 32 డిగ్రీల నీళ్ళలో కూర్చున్నప్పుడు జీవక్రియలో మార్పే కనపడలేదు. మన బోరు నీళ్ళు ఆ రెండో కోవలోవి.

రోగాలు రావన్న మాటకు ఆధారంగా చూపేది హాలెండులో జరిగి 2016లో అచ్చయిన పరిశోధన. ఇది పెద్దదే, 3,018 మంది మీద చేశారు. మామూలు వేడినీళ్ళ స్నానం అయ్యాక చివర్లో 30, 60, 90 సెకన్లు చన్నీళ్ళ షవర్ కింద నిలబడమని నెలరోజులు చేయించారు. ఒంట్లో బాగాలేదని పనికి సెలవు పెట్టడం 29 శాతం తగ్గింది. జబ్బుపడ్డ రోజులు మాత్రం తగ్గలేదు. అంటే జలుబు చేయాల్సినవాళ్ళకు చేస్తూనే ఉంది, కాకపోతే ముక్కు తుడుచుకుంటూ పనికి పోయారు. దీన్ని రోగనిరోధక శక్తి అనడానికి నాకు నోరు రాదు. అలాగని తీసిపారేసేది కూడా కాదు. ఈ పరిశోధనలో కొత్తవాళ్ళకు పనికొచ్చే సంగతి ఇంకొకటుంది: 30 సెకన్లు నిలబడ్డవాళ్ళకూ 90 సెకన్లు నిలబడ్డవాళ్ళకూ ఫలితంలో తేడా రాలేదు.

2025లో దక్షిణ ఆస్ట్రేలియా విశ్వవిద్యాలయం వాళ్ళు అప్పటిదాకా వచ్చిన మంచి పరిశోధనల్ని పోగేసి చూశారు. ఆరోగ్యవంతుల మీద జరిగినవి 11 తేలాయి. అన్నిట్లో కలిపి 3,177 మంది, నీళ్ళు 7 నుంచి 15 డిగ్రీలవి. ఒత్తిడి తగ్గిన మాట నిజమేగానీ, నీళ్ళలోంచి లేవగానే కాదు, పన్నెండు గంటల తర్వాత కనపడింది. రెండు రోజులకు ఆ తేడా లేదు. నిద్ర కొంచెం మెరుగైందన్నారు. అందరూ ఆశించినదానికి ఎదురు కూడా ఒకటి తేలింది. నీళ్ళలో దిగిన వెంటనే, గంట తర్వాత కూడా శరీరంలో వాపు సూచికలు తగ్గకపోగా పెరిగాయి. ఒంటికి అదొక చిన్న దెబ్బే కాబట్టి పెరగడం సహజం. 'చన్నీళ్ళు వాపును చంపేస్తాయి' అని ఒక్క ముక్కలో చెప్పేవాళ్ళు ఈ సంగతి చూసుకోవాలి.

కండరాల నొప్పుల విషయంలో ఆధారం కాస్త గట్టిగానే ఉంది. 2012లో కాక్రేన్ సంస్థ 17 చిన్న పరిశోధనల్ని, 366 మందిని లెక్కలోకి తీసుకుని, వ్యాయామం తర్వాత వచ్చే ఒళ్ళునొప్పుల్ని చన్నీళ్ళు తగ్గిస్తాయంది. అదే నీళ్ళు జిమ్ములో కండ పెంచుదామనుకునేవాడి కష్టాన్ని కొంత గంగలో కలుపుతాయని 2015లో ఆస్ట్రేలియా పరిశోధన ఒకటి చెప్పింది. బరువులెత్తిన ప్రతిసారీ పది నిమిషాలు 10 డిగ్రీల నీళ్ళలో కూర్చున్నవాళ్ళకు పన్నెండు వారాల్లో కండ తక్కువ పెరిగింది. నొప్పి పోవాలా, కండ రావాలా అన్నది ముందు తేల్చుకోవాలి. రోజంతా టిక్కీలు ఎత్తే కూలీకి కావలసింది రేపు మళ్ళీ నడుం వంగడమే కాబట్టి అతని లెక్క వేరు, గుంటూరు జిమ్ముల్లో కుర్రాళ్ళ లెక్క వేరు.

షుగరు తగ్గుతుందనే మాట 2015లో ఎనిమిదిమంది రోగులతో చేసిన ఒక ప్రయోగం నుంచి పుట్టింది. వాళ్ళను కూర్చోబెట్టింది నీళ్ళలో కాదు, 14–15 డిగ్రీల చల్లటి గదిలో, రోజుకు ఆరు గంటలదాకా, పదిరోజులపాటు. ఇన్సులిన్ పనితీరు 43 శాతం మెరుగైంది. గొప్ప ఫలితమే, అయితే దాన్నుంచి రెండు చెంబుల చన్నీళ్ళకు వచ్చే దారి లేదు. మనోవ్యాకులత సంగతీ అంతే. చల్లటి చెరువుల్లో ఈతకొట్టి మందులు మానేసిన ఒకే ఒక్క యువతి కథ 2018లో బ్రిటన్ వైద్య పత్రికలో వచ్చింది, అదిప్పటికీ ప్రపంచమంతా తిరుగుతోంది. మందులు వాడుతున్నవాళ్ళు చన్నీళ్ళను చూసుకుని వాటిని మానకూడదు.

ఈ వైద్యం ఇప్పుడు రీళ్ళలో వచ్చిందనుకుంటారుగానీ తెలుగువాళ్ళకు నూట ముప్ఫై ఏళ్ళ పాతది. పంతొమ్మిదో శతాబ్దంలో ఆస్ట్రియా కొండల్లో ప్రీస్నిట్జ్ అనే రైతు, బవేరియాలో క్నైప్ అనే ఫాదరీ, లైప్‌జిగ్‌లో లూయీ కూనే తడిగుడ్డలు, తొట్టిస్నానాలతో వైద్యం చేసి పేరు తెచ్చుకున్నారు. కూనే రాసిన పుస్తకాన్ని ద్రోణంరాజు వెంకటాచలపతి శర్మ 1894లోనే తెలుగు చేశారు. హిందీ, ఉర్దూల్లోకి అది ఆ తర్వాత పదేళ్ళకు గానీ రాలేదు. మన దేశంలో ప్రకృతి వైద్యం కథ చెప్పేవాళ్ళు ఈ తెలుగు పుస్తకంతోనే మొదలుపెడతారు. హైదరాబాదులో గాంధీ పేరుమీద ప్రకృతి వైద్య కళాశాల 1970లో వచ్చింది. మన వైపు ఉండవల్లి కరకట్ట మీద మంతెన సత్యనారాయణ రాజు గారి ఆరోగ్యాలయం ఉంది. టీవీ పుణ్యమా అని ఆయన చెప్పే పద్ధతులు వినని పల్లె ఉండదు.

కటిస్నానం, వెన్నుస్నానం, పొట్టమీద తడిపట్టీ అని ప్రకృతి వైద్యులు చేయించేవాటిలో నాకు నచ్చే గుణం ఒకటుంది. ఒళ్ళంతా ఒక్కసారి ముంచరు, ఒక భాగంతో మొదలుపెట్టి మెల్లగా పెంచుతారు, పక్కన మనిషి ఉంటాడు. నచ్చనిది కూనే నాటి నుంచి వస్తున్న పట్టుదల. రోగాలన్నిటికీ మూలం ఒకటే, మందూ ఒకటే అని ఆయన సిద్ధాంతం. ఆ సిద్ధాంతం నిలబడలేదు, తొట్టి మాత్రం నిలబడింది. ఇదే ధోరణిలో రోజుకు నాలుగైదు లీటర్ల నీళ్ళు తాగమనే సలహా కూడా ఊళ్ళల్లో బాగా పాకింది. కనిగిరి, పొదిలి, దర్శి ప్రాంతాల్లో ఆ సలహా పాటించేముందు ఏ నీళ్ళు అని అడగాలి. అక్కడ బోరు నీళ్ళలో ఫ్లోరైడు ఉంది. లీటర్లు పెంచితే అదీ పెరుగుతుంది.

గాంధీజీ కూడా కూనే పద్ధతిని నమ్మినవాడే. 1902లో బొంబాయిలో పదేళ్ళ కొడుకు మణిలాల్‌కు టైఫాయిడ్, పైన నిమోనియా వస్తే డాక్టరు గుడ్లు, కోడి పులుసు పెట్టమన్నా ఒప్పుకోక కటిస్నానాలు, తడిదుప్పటి చుట్టడం, నారింజరసంతో నెట్టుకొచ్చాడు. పిల్లవాడు బతికాడు. ఆ కథ ఆత్మకథలో రాస్తూ, అది దేవుడి దయో, నీళ్ళ గుణమో, పథ్యమూ సేవల ఫలమో ఎవరు చెప్పగలరని ఆయనే అనుమానం మిగిల్చాడు. ఈ ఒక్క అనుమానం ఇవాళ చన్నీళ్ళ మీద వీడియోలు చేసేవాళ్ళలో సగంమందికి ఉన్నా బాగుండేది.

ఆ అనుమానాన్ని మన ఊళ్ళోనే పరీక్షించి చూడొచ్చు. కార్తీకం వచ్చిందంటే చీరాల నుంచి వినుకొండ దాకా నల్లబట్టలు కనపడతాయి. అయ్యప్ప మాల వేసుకున్నవాళ్ళు 41 రోజుల మండల దీక్షలో తెల్లవారకముందే ఒకసారి, సాయంత్రం ఒకసారి చన్నీళ్ళు తలమీద పోసుకుంటారు. వేలమంది, ఒకే కాలంలో, ఒకే క్రమంలో, ఏ పూటా తప్పకుండా చేస్తారు. ఇంత చక్కటి చన్నీళ్ళ ప్రయోగం ప్రపంచంలో ఏ విశ్వవిద్యాలయానికీ దొరకదు. మాల తీశాక వాళ్ళనడిగితే ఒళ్ళు తేలికైందంటారు, నిద్ర పట్టిందంటారు, కొందరు బీపీ దిగిందంటారు. మరి ఆ నలభై ఒక్క రోజులు మద్యం ముట్టలేదు, సిగరెట్టు లేదు, మాంసం లేదు. ఒంటిపూట భోజనం, నేలమీద పడక, నాలుగింటికి లేవడం, కాళ్ళకు చెప్పుల్లేకుండా నడక. ఇన్నిట్లో నీళ్ళ వాటా ఎంతో విడదీయడం ఎవరివల్లా కాదు. నా మటుకు నేను మద్యం మానడానికే పెద్ద వాటా ఇస్తాను.

మన ఆయుర్వేదం ఈ విషయంలో చలికాలపు చన్నీళ్ళ స్నానంతో ఏకీభవించదని చాలామందికి తెలియదు. ఋతుచర్యలో హేమంతానికి చెప్పింది వేణ్ణీళ్ళు, గ్రీష్మానికి చన్నీళ్ళు. వేణ్ణీళ్ళు కూడా మెడ కిందికే పోసుకోమన్నారు, తలకు వద్దన్నారు. దీక్షా స్నానం మొక్కుకు సంబంధించింది, ఋతుచర్య ఒంటికి సంబంధించింది. ఈ నేల ఎండను చూస్తే నేను ఆయుర్వేదం పక్షమే. పత్తి, మిరప పండే ఈ మైదానంలో చన్నీళ్ళు ముందుగా వేడికి మందు. ఉల్లాసం, నిద్ర, పట్టుదల వంటివి ఆ తర్వాత వస్తే వస్తాయి.

వేడికీ చల్లదనానికీ ఒంట్లో ఉన్న సంబంధం ఎలా బయటపడిందో తెలిస్తే మిరప రైతులు ముచ్చటపడతారు. అమెరికాలో డేవిడ్ జూలియస్ అనే శాస్త్రవేత్త 1997లో మిరపకాయలోని కారపు పదార్థం క్యాప్సైసిన్‌ను పట్టుకుని వెతుకుతూ పోతే, నరాల్లో వేడిని పసిగట్టే టీఆర్‌పీవీ1 అనే గ్రాహకం దొరికింది. మామూలుగా అది 43 డిగ్రీల దగ్గర 'కాలుతోంది' అని కబురు పంపుతుంది. క్యాప్సైసిన్ తగిలితే ఒంటి మామూలు వేడికే ఆ కబురు పంపేస్తుంది. 2002లో ఆయనే పుదీనా మెంథాల్‌ను పట్టుకుని చల్లదనాన్ని గుర్తించే టీఆర్‌పీఎం8ను కనిపెట్టాడు. అదే సమయంలో ఆర్డెమ్ పటపూటియన్ కూడా విడిగా దాన్ని కనుక్కున్నాడు. 2021లో ఇద్దరికీ కలిపి నోబెల్ ఇచ్చారు.

ఇప్పుడు కల్లం దగ్గరికి రండి. ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఆదోని, కోసిగి వైపు నుంచి కుటుంబాలకు కుటుంబాలు మిరపకోతలకు దిగుతాయి. పొద్దస్తమానం కాయ కోసి, తాలుకాయ ఏరిన చేతులు సాయంత్రానికి భగభగ మండుతాయి. బకెట్లో చేతులు పెట్టగానే మంట ఆగుతుంది, తీయగానే మళ్ళీ మొదలు. చర్మం చల్లబడితే గ్రాహకం నోరు మూస్తుంది, ఒంటి వేడి తిరిగి రాగానే మళ్ళీ అరుస్తుంది. కారం నీళ్ళలో కరగదు కాబట్టి నీళ్ళెన్ని పోసినా మూలం అక్కడే ఉంటుంది. ముందు నూనె పట్టించి, కాసేపాగి, సబ్బుతో కడిగితేనే పోతుంది. నీళ్ళకన్నా నూనెతో ఉపశమనం ఎక్కువసేపు ఉంటుందని పరిశోధనల్లోనూ తేలింది. చన్నీళ్ళు చేసే పని చాలావరకు ఈ తీరే. నీళ్ళలో ఉన్నంతసేపు, బయటికొచ్చాక కొన్ని గంటలు. ఆ ఆస్ట్రేలియా వాళ్ళ పన్నెండు గంటల లెక్క గుర్తుంచుకుంటే, రోజూ చేసేదాన్ని రోజూ చేయాల్సిందేనని అర్థమవుతుంది.

కరెంటూ ఐసూ లేకుండా నీళ్ళను చల్లబరిచే సాధనం మనకు కుండ ఒక్కటే, అది అన్ని ఊళ్ళల్లో ఒకేలా పనిచేయదు. కుండ చెమర్చి, ఆ చెమ్మ ఆవిరైపోతూ లోపలి వేడిని లాక్కుపోతుంది. ఎండలకు పేరుపడ్డ రెంటచింతలలో మే నెల గాలి పొడిగా ఉంటుంది, బయట 43 డిగ్రీలున్నా నీడలో పెట్టిన కుండలో నీళ్ళు 26–27 దాకా దిగగలవు. బాపట్ల, చీరాల, ఒంగోలు తీరంలో గాలిలోనే తేమ నిండి ఉంటుంది కాబట్టి అదే కుండ అంత చల్లబడదు. తడి తువ్వాలు తలకు చుట్టుకోవడం కూడా ఇదే సూత్రం. పల్నాడులో బాగా పనికొస్తుంది, ఎండిపోగానే మళ్ళీ తడపాలి. ఒళ్ళు తడపకుండా 43 డిగ్రీల గాలిని ఫ్యానుతో మీదికి తోసుకుంటే వేడి తగ్గకపోగా ఒంటికెక్కుతుంది.

మొదలుపెట్టాలనుకునేవాళ్ళకు ఈ నేల ఒక వసతి ఇచ్చింది. నీళ్ళు ఒక్కసారిగా చల్లబడవు. ఆశ్వయుజం చివర్లో రాత్రంతా ఆరుబయట తొట్టిలో పెట్టిన నీళ్ళు ఒంటికి హాయిగానే ఉంటాయి, సంక్రాంతినాటికి 20 డిగ్రీలకు అటూఇటూగా దిగుతాయి. నీళ్ళు 25 డిగ్రీలకన్నా చల్లగా ఉంటేనే ఒళ్ళు ఉలిక్కిపడడం మొదలవుతుంది. ఊపిరి ఎగబీలుస్తుంది, గుండె దడదడలాడుతుంది, బీపీ లేస్తుంది. అరనిమిషంలో ఇది తారస్థాయికి చేరి, రెండు మూడు నిమిషాల్లో సర్దుకుంటుంది. ఐదారు సార్లు కొద్దికొద్దిగా అలవాటు చేస్తే ఈ ఉలికిపాటు బాగా తగ్గిపోతుందని బ్రిటన్‌లో మైక్ టిప్టన్ బృందం చూపింది. కాబట్టి దీపావళి వెళ్ళాక మొదలుపెట్టి నీళ్ళతోపాటు మెల్లగా దిగడం తేలిక. మాఘంలో ఎవరో చెప్పారని ఉన్నట్టుండి నాలుగు బిందెలు గుమ్మరించుకోవడం మొండితనం.

మామూలు స్నానం చేసి, చివర్లో ఆరుబయట పెట్టిన నీళ్ళు అరబకెట్టు వాడితే చాలు. ముందు పాదాలు, మోకాళ్ళు, తర్వాత చేతులు, ముంజేతులు, ఆ తర్వాత వీపూ భుజాలూ. తలకు పోసుకుంటే ఆఖర్న, లేకపోయినా నష్టం లేదు. నీళ్ళు పడేటప్పుడు ఊపిరి బిగబట్టకుండా నోటితో మెల్లగా వదలాలి. మొదటివారం అరనిమిషం, తర్వాత నిమిషం, రెండు నిమిషాలు దాటనక్కర్లేదు. తుడుచుకుని బట్టలేసుకుని నాలుగడుగులు తిరిగితే ఒళ్ళు దానంతటదే వేడెక్కుతుంది. పది నిమిషాలైనా వణుకు ఆగలేదంటే మోతాదు ఎక్కువైందని. తెల్లవారుజామునే చేయాలన్న నియమం మొక్కుకు ఉందేమోగానీ వైద్యానికి లేదు, పెద్దవాళ్ళు పదిగంటల ఎండపొడలో చేసుకోవచ్చు.

గుండెజబ్బు, అదుపులో లేని బీపీ, మూర్ఛ ఉన్నవాళ్ళు, గర్భిణులు, చలి తగిలితే వేళ్ళు తెల్లబడేవాళ్ళు, దద్దుర్లు వచ్చేవాళ్ళు డాక్టరును అడక్కుండా దీని జోలికి పోకూడదు. షుగరు వల్ల పాదాల్లో స్పర్శ పోయినవాళ్ళకు ఐసునీళ్ళు అసలు వద్దు, పుండైనా తెలియదు. బీపీకి వాడే కొన్ని మాత్రలు గుండెవేగాన్ని పట్టి ఉంచుతాయి, అవి వాడేవాళ్ళు కూడా అడగాల్సిందే. ముఖం, ఒళ్ళు ఒకేసారి చన్నీళ్ళలో మునిగితే గుండెకు నెమ్మదించమని ఒక ఆజ్ఞ, పరుగెత్తమని ఒక ఆజ్ఞ వెళ్ళి లయ తప్పే ప్రమాదం ఉంది. ఇక స్నానానికి నాగార్జునసాగర్ కుడికాల్వలో దిగడం ఇంకో ప్రమాదం. దాని సిమెంటు గోడలు పాకుడు పట్టి జారుతాయి, పట్టుకోను ఏమీ ఉండదు. కార్తీక పౌర్ణమికి సూర్యలంక, వాడరేవుల్లో అలలు లాక్కుపోయేది కూడా చన్నీళ్ళ వల్ల కాదు, జనం లోతెరగక దిగడంవల్ల. వైద్యం కోసమైతే బకెట్టు చాలు.

ఐసుతో చేయాలనే సరదా ఉన్న కుర్రవాళ్ళకు ఒక లెక్క చెప్తాను. 30 డిగ్రీల నీళ్ళు వంద లీటర్లను 15కు దించాలంటే దాదాపు 16 కిలోల ఐసు కరగాలి. ఒక మనిషి నడుందాకా మునగాలంటే అంతకు ఎక్కువే పడుతుంది. రోజూ చేసే బేరం కాదు. చేసినా రెండు మూడు నిమిషాలు మించొద్దు, ఒంటరిగా అసలొద్దు. పురుగుమందులొచ్చిన నీలం డ్రమ్ములు మన పల్లెల్లో ఇంటింటా ఉంటాయి. ఎన్నిసార్లు కడిగినా వాటిలో మాత్రం దిగకూడదు.

అసలు ఐసు ఎవరికి కావాలో చెప్పి ముగిస్తాను. 2015 మే నెల వడగాడ్పులకు ఆంధ్రప్రదేశ్‌లో వెయ్యిమందికి పైగా చనిపోయారు, ఎక్కువ నష్టపోయిన జిల్లాల్లో ప్రకాశం, గుంటూరు ఉన్నాయి. వడదెబ్బలో ఒంటివేడి 40 డిగ్రీలు దాటి మెదడు చెదురుతుంది. మనిషి తేడాగా మాట్లాడతాడు, తూలతాడు, పడిపోతాడు. అరగంటలోపు వేడి దించితే బతికే అవకాశం బాగా పెరుగుతుంది. అమెరికాలో ఫాల్మౌత్ అనే ఊళ్ళో ఏటా వేసవిలో పరుగుపందెం జరుగుతుంది. అక్కడ వడదెబ్బ తగిలిన 274 మందిని అక్కడికక్కడే ఐసునీళ్ళ తొట్టిలో ముంచారు, ఒక్కరూ పోలేదు. ఢిల్లీలో రామ్ మనోహర్ లోహియా ఆసుపత్రి 2024లో ఇందుకోసమే తొట్లు, ఐసు యంత్రం పెట్టి ప్రత్యేక విభాగం తెరిచింది. చన్నీళ్ళ వైద్యంలో ప్రాణం నిలిపే సంగతిగా రుజువైనది ఇదొక్కటే, దీని గురించి రీళ్ళు రావు.

అంత ఐసు పల్లెలో ఎక్కడిదంటారేమో. 2008లో ఆస్ట్రేలియాలో ఒళ్ళు 39.5 డిగ్రీలకు వేడెక్కించిన మనుషుల్ని ముంచి చూశారు. 14 డిగ్రీల నీళ్ళలో రెండు నిమిషాల పైచిలుకులో, 26 డిగ్రీల నీళ్ళలో మూడు నిమిషాల లోపు ఒంటిలోపలి వేడి మామూలు స్థాయికొచ్చింది. 26 అంటే మన కుండనీళ్ళు. డోపమైన్‌కు అక్కరకు రాని మన నీళ్ళు వడదెబ్బకు అక్కరకొస్తాయి. బోరు నీళ్ళు ఇంకాస్త నెమ్మదిగానైనా అదే పని చేస్తాయి, అందులో రెండు ఐసు దిమ్మలు పడితే మరీ మంచిది. నిజాంపట్నం, వాడరేవు వైపు చేపలకూ రొయ్యలకూ ఐసు వాడకం మామూలే. మండల కేంద్రంలో ఆసుపత్రికి ఎండాకాలం మూడు నెలలు నాలుగు దిమ్మలు దించమనడం పెద్ద కోరిక కాదు.

తొట్టి లేకపోయినా ఫరవాలేదు. మిరప రైతు కల్లంలో కాయమీద కప్పే టార్పాలిన్ పట్ట ఉంటుంది. పడిపోయిన మనిషిని నీడలోకి తెచ్చి, పైబట్టలు వదులు చేసి, పట్ట మధ్యలో పడుకోబెట్టాలి. నలుగురైదుగురు నాలుగంచులూ ఎత్తి పట్టుకుంటే అదే తొట్టి అవుతుంది. ఉన్న నీళ్ళన్నీ, వంద లీటర్లయినా, అందులో పోసి ఇటూ అటూ ఊపుతూ ఉండాలి. ఒకరు తల దగ్గర కూర్చుని ముఖం, నోరు నీళ్ళకు పైన ఉండేలా పట్టుకోవాలి. సైనికులకూ క్రీడాకారులకూ విదేశాల్లో నేర్పే పద్ధతే ఇది, పట్ట మన దగ్గరుంది. స్పృహలేని మనిషి నోట్లో మజ్జిగ, నీళ్ళు పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఉల్లిపాయ రసం పూస్తూ కూర్చుంటే ఆ అరగంట గడిచిపోతుంది. ఒకరు 108కు ఫోన్ చేస్తుండగానే మిగతావాళ్ళు నీళ్ళు పోయడం మొదలుపెట్టాలి, బండి వచ్చేదాకా ఆపకూడదు. మనిషి తెలివిలోకి వచ్చి మాట సరిగ్గా పలుకుతూ, వణకడం మొదలుపెడితే నీళ్ళలోంచి తీసి తుడవొచ్చు. ఆ తర్వాత కూడా ఆసుపత్రికి తీసుకెళ్ళాల్సిందే, మూత్రపిండాలకు, కాలేయానికి తగిలిన దెబ్బ మరునాటికి గానీ బయటపడదు.